కాదనే తల

పొద్దున్నే స్తమెనా చేసే పని ఒకటే. ముందురోజు తవ్వకంలో దొరికిన కుండపెంకుల్ని టబ్బులో వేసి, పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్ది కడిగి ఎండబెట్టడం. బల్గేరియా తీరంలోని సొజోపోల్ పాతపేటలో ఎవరు పునాది తీసినా గ్రీకుల ఊరే బయటపడుతుంది. రెండువేల ఆరువందల ఏళ్ళ కిందట మిలేటస్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఈ నేల మీద ఇళ్ళు కట్టుకుని దీనికి అపొల్లోనియా అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ నూనె జాడీల మీదే ఇప్పటివాళ్ళు కాపురాలు చేస్తున్నారు.

కిందటేడు అక్కడ ఒక పాలరాతి తల దొరికింది. మెడ కింద ఏమీ లేదు. తవ్వకం పక్కనే ఒక బల్ల మీద పెట్టారు. దేవుడో, ఊరు కట్టిన పెద్దమనిషో తేలక చదువుకున్నవాళ్ళు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. తల మాత్రం ఏమడిగినా జవాబు చెబుతుంది, కాకపోతే ఎప్పుడూ కాదనే. బల్గేరియాలో ఔనంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా. ఈ తల ఒక్కసారైనా అడ్డంగా ఊగిన పాపాన పోలేదు.

"ఈ గోతిలో ఇంకేమైనా ఉందా తాతా?" అని తవ్వకం పెద్ద రదోస్లావ్ రోజూ అడుగుతాడు. తల నిలువుగా కదులుతుంది. "నీ మొహానికి ఔననే యోగం లేదు పో," అని ఆయన గోతిలోకి దిగుతాడు.

వసంతంలో స్తమెనా కూడా అడిగింది. పడవలు బాగుచేసే లెఫ్టెర్ ఆమెని పెళ్ళి చేసుకుంటానన్నాడు. మొదటి భర్తని సముద్రం మింగేశాక ఒంటరిగా ఉండడానికి అలవాటు పడిపోయిన మనిషి ఆమె. లెఫ్టెర్ అంటే ఇష్టమే. భయం అంతకంటే ఎక్కువ. అందరూ భోజనానికి వెళ్ళాక తల ముందు నిలబడి, "లెఫ్టెర్‌ని చేసుకోమంటావా?" అంది. తల మెల్లగా, గడ్డం బల్లకి ఆనేదాకా కిందికి వంగింది. దానికి కాదనడం తప్ప రాదని తెలిసీ ఆమె ఆ జవాబునే పట్టుకుంది. లెఫ్టెర్‌కి కుదరదని చెప్పేసి, ఇంటికి పోయి కళ్ళు వాచేలా ఏడ్చింది.

ఇప్పుడతను వర్నాలో ఓడల కార్ఖానాలో పని చూసుకున్నాడు. ఈ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోతున్నాడు.

ఆ రోజే గ్రీసులోని థెస్సలొనీకీ నుంచి, పాత జాడీల గురించి చదువుకున్న మెల్పో అనే పెద్దావిడ వచ్చింది. స్తమెనా కడిగిన ఒక జాడీ పిడిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది కియోస్ దీవి ద్రాక్షసారా జాడీ. అదిగో వాళ్ళ ముద్ర. అనుమానమే లేదు," అని, సరదాకి తల వైపు తిరిగి, "అంతేనా పెద్దాయనా?" అంది.

తల కిందికి వంగింది.

"చూశారా, కాదంటున్నాడు," అంది స్తమెనా. "ఆయనంతే లెండి మెల్పోగారూ. మీ పేరు మెల్పో అన్నా కాదంటాడు."

"కాదనడమేంటమ్మా, ఔనన్నాడుగా! మావాళ్ళు ఔనంటే తల కిందికి వంచుతారు, కాదంటే పైకి ఎగరేస్తారు. ఇన్నాళ్ళూ మీ పద్ధతిలో చూసుకున్నారా ఏంటి?" మెల్పో పడీపడీ నవ్వింది. "ఈయన మిలేటస్ మనిషి. ఇన్నేళ్ళు ఇక్కడున్నా మీ అలవాటు అబ్బలేదు పాపం."

స్తమెనా చేతిలో బ్రష్షు టబ్బులో పడింది. పైకా కిందికా అని ఎవరూ చూసిందే లేదు. కానీ ఆ గడ్డం బల్లకి ఆనడం ఆమెకి నిన్న చూసినంత బాగా గుర్తుంది. కట్టుకున్న ఏప్రన్ అయినా విప్పకుండా పరుగు తీసింది.

బస్టాండులో లెఫ్టెర్ అప్పటికే ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టాడు.

"ఆగు! వసంతంలో అడిగావే, అది మళ్ళీ అడుగు."

"ఇంతమందిలోనా? నీకేమైనా పిచ్చా?"

"అడగవయ్యా బాబూ!"

అతను టోపీ తీశాడు. "నన్ను చేసుకుంటావా?"

ఆ ఆయాసంలో, పాలరాతి తలనే తలుచుకుంటూ వచ్చిందేమో, ఆమె తల కూడా కిందికి వంగింది. లెఫ్టెర్ మొహం మాడిపోయింది. "ఇది చెప్పడానికేనా ఇంత దూరం వచ్చావు?" అని రెండో కాలు కూడా పైకెత్తాడు.

"ఓరి నా తలకాయ మండా!" స్తమెనా బురద చేతులతో తన తలని రెండువైపులా గట్టిగా పట్టుకుంది. "దీన్ని చూడకు. నేను చెప్పేది విను. ఔను, చేసుకుంటాను. నాకు భయమే. అయినా చేసుకుంటాను."

"ఏమయ్యా, ఎక్కుతున్నావా లేదా?" డ్రైవర్ కేకేశాడు.

"ఎక్కడం లేదు," అన్నాడు లెఫ్టెర్, తల కదపకుండా.