పదకొండో రోజు

కంపౌండరు గాజు బల్ల తుడుస్తూ, అందులో కనిపించిన తన బట్టతల దగ్గర ఆగాడు. తోడల్లుడికి ఇంకా ఒక్క వెంట్రుకా రాలలేదు.

తనకి ఇరవై రెండేళ్లుగా ఇదే మందుల షాపు, ఇదే స్టూలు. తోడల్లుడు మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. కారు, నెలకో ఊరు. పొద్దున చొక్కా అందిస్తూ భార్య అంది: “మా చెల్లెలు మూడోసారి సముద్రం చూసొచ్చింది. నేనూ చూస్తున్నాలే, మేడమీద నీళ్ల ట్యాంకు.”

ఈ నెల నొప్పి బిళ్లలు ఎక్కువ అమ్మిన షాపువాళ్లని తోడల్లుడి కంపెనీ సముద్రతీరానికి తీసుకెళుతుంది. కాకపోతే నెల తిరక్కముందే మళ్లీ వచ్చినవాడికి బిళ్లలివ్వకూడదు. అలవాటు పడ్డాడేమోనని ఎర్రచీటీ రాసి డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. తోడల్లుడు నవ్వేవాడు. “అలవాటు కాదన్నయ్యా, డోసు చాలక అడుగుతారు. అలవాటయ్యే అవకాశం తక్కువని ప్రభుత్వమే ముద్రేసిందిగా.” డబ్బాతో వచ్చే ఆ ముద్ర కాగితంలో దానికి ఆధారమేమిటో మాత్రం లేదు. కంపౌండరు అది గమనించాడు, ఎవరికీ చెప్పలేదు.

నడుము దెబ్బతిన్న వడ్రంగి నెల బిళ్లలు తీసుకెళ్లి పదకొండు రోజులే అయింది. మళ్లీ వచ్చాడు. ఒళ్లంతా చెమట, ఆగని ఆవలింతలు.

“డాక్టరుగారూ, బిళ్లలు నీళ్లలో పడ్డాయండి.” కంపౌండరుని డాక్టరని పిలిచేది ఇతనొక్కడే.

“పోయిన నెల ఎలుక తినేసిందన్నావు.”

“అదే ఎలుకండి. ఈసారి స్నానం చేయించింది.”

కంపౌండరు ఎర్రచీటీల కట్ట తీసి కలం మూత విప్పాడు. “పక్కవీధి షాపు ఒక్క డబ్బా ముందుందన్నయ్యా” అని నిన్న తోడల్లుడు అన్నప్పటి జాలిగొంతు గుర్తొచ్చింది. మూత పెట్టేశాడు. డబ్బా ఇచ్చి, “చూసి వాడు” అన్నాడు.

సాయంత్రం వడ్రంగి భార్య వచ్చి బల్లకు అవతల నిలబడింది.

“మధ్యాహ్నం బిళ్లలేసుకుని పడుకున్నాడండి. లేపితే లేవలేదు. పోయాడు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఎవరివ్వకపోయినా మీరిస్తారని చెప్పేవాడు. సైకిలు ఇక్కడే మర్చిపోయి నడిచొచ్చాడు. తాళంచెవి దొరకలేదండి. రేపు మా తమ్ముడొచ్చి పట్టుకెళతాడు.”

ఆమె వెళ్లాక కంపౌండరుకి మళ్లీ తోడల్లుడే గుర్తొచ్చాడు. ఆ బిళ్లలు మింగేవాళ్లలో ఒక్కరి ముఖమైనా అతను చూసి ఉండడు. ఈ రాత్రి కూడా హాయిగా నిద్రపోతాడు. కంపౌండరు ఇన్నేళ్లలో అతణ్ణి చూసి ఇంతగా ఎప్పుడూ కుళ్లుకోలేదు.

షట్టరు దించి బయటికొచ్చాడు. గోడకు ఆనించిన సైకిలు. వెనక రంపం కట్టి ఉంది. దారిన పోయేవాళ్లకు గీసుకోకుండా దాని పళ్లకు పాత చీర అంచు జాగ్రత్తగా చుట్టి ఉంది.