నాలుకమ్మ మట్టి

ఆ జాడీల కార్ఖానాలో చక్రం తిప్పేవాళ్లు పదిమంది ఉన్నా, మట్టి మంచిచెడ్డలు చెప్పేది ఆవిడ ఒక్కతే. లారీ వచ్చి ఆగగానే చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేది. దించమంటే దించాలి, తల అడ్డంగా ఊపితే లారీ వచ్చిన దారినే పోవాలి. పన్నెండేళ్లుగా అంతే. అందరూ నాలుకమ్మ అనేవారు. ఆ పేరంటే ఆవిడకు లోలోపల భలే గర్వం.

ఆవిడ ఒప్పుకున్న మట్టితో చేసిన జాడీలు కూడా అప్పుడప్పుడు కాల్చేటప్పుడు పగిలేవి. అది బట్టీవాడి తప్పు. బట్టీవాడు ఆవిడ మొగుడే. మంట ఎక్కువైందని యజమాని అక్షింతలు వేస్తే తలొంచుకుని వినేవాడు. ఇంటికొచ్చాక ఆవిడ వడ్డించేవి వేరే ఉండేవి.

ఈమధ్య ఆవిడకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ముఖం చూస్తే సున్నం. ఆయనే బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తపరీక్ష చీటీ చూసి డాక్టరమ్మ, మట్టి తినాలనిపిస్తుందా అని అడిగింది. తినడం కాదు, రుచి చూడటం తన ఉద్యోగమంది ఆవిడ. రోజుకు ఎంత చూస్తావంటే మాత్రం కొంగు ముడిని చేత్తో కప్పుకుంది. అందులో ఎప్పుడూ తినడానికి మట్టి ఉండేది మరి. ఐరన్ తగ్గినవాళ్లలో కొందరికి ఈ యావ పుడుతుందట. పరగడుపున మాత్ర వేసుకుని నిమ్మరసం తాగమని, టీకి రెండు గంటలు ఎడం ఉంచమని, రక్తం పెరిగాక కూడా మూడు నెలలు మానొద్దని చెప్పి పంపింది.

నెల తిరిగేసరికి ఆయాసం తగ్గింది. ఆ వారమే లారీలు వచ్చాయి. ఆవిడ చిటికెడు నాలుక మీద వేసుకుంది. వట్టి మట్టి. ఇంకో చిటికెడు వేసుకుంటే ఉమ్మేయాలనిపించింది. పన్నెండేళ్ల విద్య ఏ పూట చేజారిందో, అసలది విద్యో రోగమో ఆవిడకు అంతుపట్టలేదు. యజమాని చూస్తున్నాడు. ఏదో ఒకటి చేయాలి కదా అని మట్టి తడిపి, తాడులా పేని, వేలికి చుట్టి చూసింది. పుటుక్కున చీలింది. తల అడ్డంగా ఊపింది. రెండో లారీ మట్టి చీలకుండా చుట్టుకుంది. దించమంది.

ఆ విడత ఒక్క జాడీ పగల్లేదు. ఇన్నాళ్లకు నీకు మంట పట్టుబడిందిరా అని యజమాని బట్టీవాడి భుజం తట్టాడు. ఆవిడకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పాత లారీలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నోరూరించిన మట్టినల్లా మంచిదంది తను.

మర్నాడు పొద్దున మాత్ర, నిమ్మరసం ఆయనే తెచ్చిచ్చాడు.

"మంటేమైనా మార్చారా?" అని అడిగింది.

"లేదు. ఎప్పటి మంటే."

"మరి తప్పు మట్టిదని మీకు తెలుసా?"

ఆయన నిమ్మరసంలో చెంచా తిప్పుతూ చెప్పాడు.

"అనుమానం ఉండేది. మట్టి నోట్లో పడితే నీ మొహం వెలిగిపోయేది. ఇంకెప్పుడూ నిన్ను అలా చూళ్లేదు. చెప్పబుద్ధి కాలేదు."

ఆవిడ మాత్ర మింగింది. పన్నెండేళ్ల తిట్లన్నీ ఆయన ఊరికే పడ్డాడు. తప్పు మట్టిదని యజమానికి చెబితే నాలుకమ్మ అన్న పేరు ఈ పూటతో పోతుందని తెలుసు.

"పదండి, యజమానితో మాట్లాడాలి," అని చెప్పులు తొడుక్కుంది.