ఎస్తేరు నిలువుటంగీ

నుమాయిష్‌కి పోదామని మా ఆయన అన్నది క్రిస్మస్ అయిన మర్నాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు ఒకటే భయం. జనవరి వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏమేం పెడతారో నాచారంలో అందరికీ కంఠతా వచ్చు. జెయింట్ వీల్ అంట, పిల్లలెక్కే చిన్న రైలంట, ఊరంతా కనిపించే లైట్లంట. జనం సంగతి మాత్రం ఒక్కరూ చెప్పరు. ఎందుకు చెబుతారు? ఆ జనంలో పిల్లని పట్టుకుని తిరగాల్సింది వాళ్లు కాదు కదా!

మా ఎస్తేరుకి ఐదో ఏడు నడుస్తోంది. పెళ్లయిన చాన్నాళ్లకి, ఎన్నో ప్రార్థనల తర్వాత పుట్టిన పిల్ల. ఒక్కతే. మా ఆయన పౌలు, మరిది మోషే ఇద్దరూ నాచారంలో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. మోషేకి అప్పటికింకా పెళ్లి కాలేదు, మా దగ్గరే ఉండేవాడు. పనికి తక్కువ, కబుర్లకి ఎక్కువ.

"జనంల పొల్ల తప్పిపోతే ఎట్లయ్యా?" అన్నాను.

"ఎందుకు తప్పిపోతది మార్తా? చెయ్యి వట్టుకుంటం గద," అన్నాడు మా ఆయన.

చెయ్యి పట్టుకుంటాడట! చిన్నప్పుడు మెదక్ పెద్ద చర్చి దగ్గర క్రిస్మస్ జనంలో మా నాయన కూడా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఎప్పుడు జారిపోయిందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఎవరెవరి మోకాళ్లో చూసుకుంటూ సాయంత్రం దాకా ఏడ్చాను. దొరికాననుకోండి. కానీ ఆ మోకాళ్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి. మగవాళ్లకి ఇవన్నీ చెబితే నవ్వుతారు.

పోనీ ఎప్పుడు పోదాం అంటే, జనవరి ఇరవై ఆరున అన్నాడు. ఆదివారం ఆరాధన మానేది లేదు, మిగతా రోజుల్లో ఫ్యాక్టరీ. సెలవంటే ఆ ఒక్క రోజే. సెలవు మా ఒక్కళ్లకేనా? పట్నమంతా అక్కడే ఉంటుందంటే వినడే!

సరే, పోవడం ఖాయమయ్యాక నా ఏర్పాట్లు నేను మొదలుపెట్టాను. ఎస్తేరుని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాను.

"ఎవ్వలన్న అడిగితే ఏం జెప్తవ్?"

"నా పేరు ఎస్తేరు. మా నాయిన పేరు పౌలు. మాది నాచారం, చర్చి ఎనక ఇల్లు."

"ఇంకోపారి జెప్పు."

చెప్పింది. ఉదయం, మధ్యాహ్నం, స్నానం చేయిస్తూ, జడ వేస్తూ చెప్పించాను. ఒకసారి జడ సగంలో ఉండగా తల వెనక్కి తిప్పి, "ఎవ్వలు అడుగుతరు అమ్మా?" అంది. "ఎవ్వలన్న అడుగుతరు, తల సీదా వెట్టు," అన్నాను.

మా ఇంటికి దగ్గరలోనే సూర్యకళగారని ఉండేవారు. ఆవిడ భర్తకి ఉప్పల్ రోడ్డులో సర్కారు ల్యాబులో పని. రాజమండ్రి వైపు మనుషులు. ఆవిడ దగ్గర కుట్టుమిషన్ ఉంది. నా భయం విని నవ్వని మనిషి ఆవిడొక్కరే.

"కొట్టొచ్చే రంగుల్లో ఏదైనా వెయ్యండి మార్తమ్మగారూ, ఎంత జనంలో ఉన్నా కనపడుతుంది. నా దగ్గర మిగిలిన ముక్కలు బోలెడున్నాయి. కోటులా కుట్టేద్దాం, చలికీ పనికొస్తుంది," అన్నారు.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఊదా. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ పొంతన లేదు. ఇద్దరం కూర్చుని మోకాళ్ల కిందికి వచ్చేట్టు పొడుగు కోటు కుట్టాం. అది వేసుకుని నిలబడితే మా ఎస్తేరు మేడిపల్లి నుంచి చూసినా కనపడుతుంది. నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూనే మా ఆయన గుమ్మంలో ఆగిపోయి పెద్దగా నవ్వాడు.

"అరె! పొల్లకు నిలువుటంగీ కుట్టిచ్చినవా?"

మా వాళ్లలో నిలువుటంగీ అంటే ఒక్కటే అంగీ. సండే స్కూల్ కథలో తండ్రి ముద్దుల కొడుక్కి తొడిగిన రంగురంగుల అంగీ. మోషే నవ్వాడు, నేనూ నవ్వాను. ఎస్తేరు నవ్వలేదు. చంకల్లో బిగుతుగా ఉందేమో అనుకున్నాను.

ఆ మీదట పిల్ల తిండి తగ్గించింది. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చునేది. మోషే మాత్రం రోజూ అన్నం దగ్గర నుమాయిష్ ముచ్చట్లే.

"వదినే, గాడ ఒంటెల మీద గూడ కూసోవెడ్తరు. ఇగ మౌత్ కా కువా ఉంటది సూడు, చావుబాయి! గది సూడకుంటే నుమాయిష్ సూడనట్టే."

చావుబాయి అంటే చెక్కలతో కట్టిన పెద్ద గుండ్రటి గోడ. దాని లోపల మోటారు సైకిలు మీద ఒకతను గోడల వెంట గిరగిరా తిరుగుతాడు, జనం పైన నిలబడి చూస్తారు. ఆ సంగతి మోషే మాకెప్పుడో చెప్పాడు. ఎస్తేరుకి ఎవరూ చెప్పలేదు.

"చిన్నాయినా, గా బాయి లోతుంటదా?" అంది.

"మస్తు లోతు! అందరు మీదికెల్లి తొంగి సూస్తుంటరు."

"గా బాయిల వడ్డోళ్లు సస్తరా?"

"గందుకే గద చావుబాయి అనేది!" అని వీడు కళ్లు పెద్దవి చేసి చూపించాడు. మొట్టికాయ వెయ్యాల్సింది ఆ రోజే.

ఇంకోనాడు నేను పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తుంటే వచ్చి నా వీపుకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, నేను మంచిగ లేనా?"

"మంచిగనే ఉన్నవ్. జరుగు, కాల్తది."

జరిగింది. ఏ తల్లికైనా అది ముద్దు కోసం అడిగినట్టే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది.

ఇరవై ఆరో తారీకు పొద్దున్నే పూరీలు చేశాను, నీళ్ల సీసా నింపాను. తువ్వాలు, జ్వరం మందు, మారు గౌను సంచిలో పెట్టాను. మధ్యాహ్నం బస్సుకి పోవాలని లెక్క. స్నానానికి పిలిస్తే పలకలేదు. రెండు గదుల ఇంట్లో ఎక్కడని వెతుకుతాం? కొయ్యకి వేలాడదీసిన కోటు కూడా లేదు. వేసుకుని సూర్యకళగారికి చూపించడానికి పోయిందనుకున్నాను. తమ ఇంటికి రాలేదన్నారు ఆవిడ. చర్చిలో లేదు. పాస్టరుగారి పెరట్లో లేదు. బస్సు ఆగే చోట ఛాయ్ అమ్మే అతను చూడలేదన్నాడు.

నాంపల్లి జనంలో ఏమవుతుందో అని నెల రోజులుగా చస్తుంటే, నా పిల్ల నా వాకిట్లోనే తప్పిపోయింది.

మా ఆయన, మోషే ఉప్పల్ వైపు పొలాల్లోకి పరుగెత్తారు. వెనకే నేను. జొన్నచేను దాటితే ఒక బావి ఉంది, మెట్లు లేవు, చుట్టూ గోడ కూడా లేదు. మోషే ముందుగా చేరి తొంగి చూసి, వెనక్కి తిరిగి నన్ను రావద్దన్నట్టు రెండు చేతులూ చాచాడు. వాడి ముఖం చూస్తే చాలదా? తోసుకుంటూ పోయి చూశాను.

నీళ్ల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఊదా.

నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా దూకేశాడు. కోటు పట్టుకుని పైకెత్తాడు. ఖాళీగా ఉంది. దాన్ని గట్టు మీదికి విసిరి మళ్లీ మునిగాడు. పైకొచ్చాడు, చేతి నిండా బురద. మళ్లీ మునిగాడు. "యేసయ్యా, నా బిడ్డను నాకియ్యి," అని ఆ గట్టు మీద బోర్లా పడి మన్ను పీకుతున్నాను. ఈసారి మా ఆయన ఎంతసేపటికీ పైకి రాలేదు.

అప్పుడు వెనక నుంచి కేక వినిపించింది.

"నాయినా! బైటికి రా! సచ్చిపోతవ్!"

నీళ్ల లైను కోసమని బావి పక్క రోడ్డు వారగా తెచ్చి పడేసిన పెద్ద సిమెంటు గొట్టాలున్నాయి. వాటిలో ఒకదాంట్లోంచి దుమ్ముకొట్టుకుపోయి మా ఎస్తేరు ఊడిపడింది. పరుగెత్తుకుంటూ బావి వైపే వస్తోంది. మోషే అడ్డంపడి పట్టుకున్నాడు. దాని చెంప మీద ఒక్కటిచ్చాను. ఇచ్చి, ఊపిరాడకుండా వాటేసుకున్నాను. మా ఆయన రాళ్లు పట్టుకుని పైకొచ్చి, పిల్లని చూసి, అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు.

"ఎందుకు జేసినవే గిట్ల? కోటు బాయిల ఎందుకు ఏసినవ్?"

వెక్కుతూ చెప్పింది. సండే స్కూల్ కథలో అన్నలంతా కలిసి తమ్ముడి నిలువుటంగీ గుంజుకున్నారు. వాణ్ణి బావిలో తోశారు. తర్వాత ఒంటెల వాళ్లొస్తే అమ్మేశారు.

"నాకు నిలువుటంగీ కుట్టిచ్చిన్రు. గాడ చావుబాయి ఉన్నదంట. ఒంటెలున్నయంట. నా పేరు ఎవ్వలో అడుగుతరంటివి. గా అంగీ లేకపోతే నన్ను అమ్మరని పారేసిన."

మోషే తన నెత్తిన తనే మొట్టికాయ వేసుకున్నాడు.

"మేమెందుకు అమ్ముతం బిడ్డా? ఎవ్వలన్న అమ్ముకుంటరా కన్నబిడ్డను?" అన్నాను.

"గా పిల్లగానికి గూడ ముందుగాల జెప్పలే గద!" అంది.

ఒట్టు పెట్టాను, ముద్దులు పెట్టాను. వింటోంది కానీ నమ్మడం లేదు. నా చేతుల్లో ఉండి కూడా ఒళ్లు బిగబట్టుకునే ఉంది. మా ఆయన బావిలో మునిగి పైకి రానప్పటి కంటే నాకు అప్పుడు ఎక్కువ భయం వేసింది. నా పిల్ల నన్ను చూసి భయపడుతోంది.

"నుమాయిష్ లేదు, ఏం లేదు. ఇంటికి నడువుండ్రి," అన్నాను.

మా ఆయన తల తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "ఇయ్యాల పోకపోతే పొల్ల ఏమనుకుంటది మార్తా? నిజంగనే అమ్మనీకె తీస్కపోతుండ్రి, నేను పసిగట్టిన కాబట్టి ఆగిన్రు అనుకుంటది. పెద్దగయినంక గూడ గదే అనుకుంటది. పోవాలె."

నిజమే. కోపం వచ్చింది కానీ నిజమే.

ఎస్తేరు ఒక్క షరతు పెట్టింది. గట్టు మీద తడిసి ముద్దయిన కోటుని చూపించి, "గది నేను ఏసుకోను. నువ్వేసుకో," అంది.

వేసుకున్నాను. ఎండలో ఆరేసి, నా ఒంటికి పట్టదు కాబట్టి కోటు చేతులు రెండూ మెడ చుట్టూ ముడివేసుకుని, వీపు మీద వేలాడేసుకుని బస్సెక్కాను. నాచారం నుంచి నాంపల్లి దాకా బస్సు బస్సంతా నన్నే చూసింది. చూస్తే చూసింది, నాకేం సిగ్గా!

నుమాయిష్ నేను భయపడ్డట్టే ఉంది. ఇసుకేస్తే రాలని జనం. జెయింట్ వీల్ మీద లైట్లు చూసి మోషే ఈల వేశాడు. ఎస్తేరు ఏదీ చూడలేదు. నా చూపుడు వేలు పిడికిట్లో బిగించి పట్టుకుంది, వేలు తిమ్మిరెక్కింది. పిల్లలెక్కే ఆ చిన్న రైలు ఎదురుగా కూత వేస్తూ ఆగింది. లోపల పిల్లలంతా చేతులూపుతున్నారు. ఎక్కమంటే ఎక్కనంది. వాళ్ల నాయన ఎత్తి కూర్చోబెట్టబోతే కాళ్లు తన్నుకుంది. ఇంక ఈ పిల్ల నన్నెప్పటికీ నమ్మదు అనుకున్నాను.

అంతలో జనాన్ని తప్పించుకుంటూ ఒంటె వచ్చింది. మెడలో గజ్జెలు, వీపు మీద ఎర్ర గుడ్డ. దాన్ని నడిపించే ముసలాయన నా వీపు మీది కోటు చూసి నవ్వి, "ఆవో అమ్మా, బైఠో," అంటూ ఎక్కి కూర్చోమని నా వైపు చెయ్యి చాచాడు.

ఎస్తేరు నా వేలు వదిలేసింది. పారిపోతుందనుకుని నేను కింద వంగాను. పారిపోలేదు. నాకూ ఆ ఒంటెకీ మధ్యకి వెళ్లి, రెండు చేతులూ బార్లా చాచి నిలబడింది. ఒంటె కాలంత కూడా లేదు.

"పో! మా అమ్మను అమ్మం!" అని అరిచింది. "ఎన్ని పైసలిచ్చినా అమ్మం! పో!"

చుట్టూ జనం ఆగి చూశారు. ముసలాయనకి ఏం అర్థమైందో, "డరో నక్కో బేటీ," అంటూ భయపడొద్దని సైగ చేసి ఒంటెను పక్కకి తిప్పుకుపోయాడు. నేను అక్కడే, ఆ దుమ్ములోనే చతికిలబడి ఏడ్చాను. ఎస్తేరు వచ్చి నా ఒళ్లో కూర్చుంది, ఈసారి ఒళ్లంతా నా మీద వదిలేసి.