ట్యాంకర్ వచ్చిన రోజులు

స్వప్న లోపలికి వెళ్లి గంటన్నర అయింది. పోలీసు పరీక్ష మైదానం గేటు బయట, గోడ నీడలో మా అత్తగారు భాగీరథమ్మ చాప పరుచుకుని కూర్చున్నారు. నేను కూర్చోలేకపోయాను.

స్వప్న మా ఆడపడుచు. కానిస్టేబుల్ ఉద్యోగానికి వయసు దాటకముందు తనకు ఇదే ఆఖరి అవకాశం. పరుగుతో పేచీ లేదు. నాలుగు కిలోల ఇనుప గుండును మూడు ముప్పావు మీటర్లు విసరాలి, భయమంతా అక్కడే. మూడు నెలలుగా బెంగళూరు మడివాళలో మా ఇంటి వెనక ఖాళీ సైటులో పొద్దున్నే నేనే సాధన చేయించాను. కాలేజీలో యోగా నేర్చుకున్నదాన్ని. గుండు పట్టేముందు భుజం, మోచేయి, నడుము ఒక్కొక్కటీ సాగదీసి, నేను అరవై లెక్కపెట్టేదాకా అలాగే పట్టి ఉంచమనేదాన్ని. తర్వాత విసిరితే, జాకెట్లు కొలిచే టేపుతో కొలిచి, పాల లెక్క రాసే క్యాలెండర్‌లో రాసేదాన్ని.

"సుమ్మనే ఒకతావ కూచోమ్మా, నిన్ను చూస్తాంటే నాకు తల తిరుగుతాండాది," అన్నారు అత్తగారు.

"కూర్చుంటానత్తమ్మా," అంటూ ఫోను తీశాను. క్యాలెండర్ ఫొటోలు అందులో ఉన్నాయి. మూడు మీటర్ల అరవై ఐదు. మూడు డెబ్భై. మూడు అరవై ఎనిమిది. మధ్యలో ఒక రోజు నాలుగు మీటర్లు. మళ్లీ వారానికి ఇంకోసారి నాలుగు మీటర్లు. ఆ గడుల మూలన ‘ట్యాం’ అని నా రాతే ఉంది. నీళ్ల ట్యాంకర్ వచ్చిన రోజులు. ఆ రోజుల్లో నేను సంపు దగ్గర ఉండేదాన్ని. స్వప్న ఒక్కతే సైటుకు పరుగెత్తి, నాలుగు గంతులు వేసి విసిరి వచ్చేది. మట్టిలో పడ్డ గుంట చూసి నేను తర్వాత కొలిచేదాన్ని.

ముందు నెల చూశాను. అదే వరస.

సాగదీయని రోజుల్లోనే నాలుగు మీటర్లు. అంతసేపు సాగదీసి పట్టిన కండ కాసేపటిదాకా పూర్తి బలం ఇవ్వదన్నమాట. సాయంత్రం చేయించాల్సింది విసిరేముందు చేయించాను. పైగా ఇవాళ కూడా "ఒక్కటీ మరిచిపోకు, అరవై లెక్కపెట్టు" అని మూడుసార్లు చెప్పి పంపాను. దాని ఫోను నా సంచిలోనే ఉంది.

లోపలికి వెళ్తానంటే, గేటు దగ్గర మహిళా కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపింది. గోడ వెంట నడిచాను. మలుపు దాటాక గోడ బదులు ఇనుప కమ్మీలు. అవతలే గుండు విసిరే చోటు. వరుసలో ఆరుగురి వెనక స్వప్న. నన్ను చూసింది. చూసి, కుడిచేయి తల వెనక్కి మడిచి, రెండో చేత్తో మోచేయి పట్టుకుని లాగసాగింది.

అరిస్తే దాన్నే బయటికి పంపుతారేమో. వద్దని తల ఊపాను. అది ఇంకా గట్టిగా లాగింది.

సంచి కింద పెట్టి, కొంగు దోపి, చేతులు విదిలిస్తూ ఉన్నచోటే గంతులు వేశాను. ఒక ఆటో ఆగింది.

"ఏమ్మే, పూనకమేమన్నా వచ్చినాదా? నడీ రోడ్డులో!" వెనకే వచ్చిన అత్తగారు నా భుజం పట్టుకున్నారు.

"మీరూ ఎగరండత్తమ్మా."

"నా మోకాళ్లు నీకేం పాపం చేసినాయే!"

స్వప్న నవ్వింది. మోచేయి వదిలేసి తనూ ఎగరసాగింది.

దాని వంతు వచ్చింది. మొదటి విసురు గీతకు ఇవతలే పడింది. రెండోది ఇంకా దగ్గరికి వెళ్లింది కానీ, బెత్తెడు తక్కువ. మిగిలింది ఒక్కటే. స్వప్న నాలుగు గంతులు వేసి, చేతులు విదిలించి, విసిరింది. గుండు ఎక్కడ పడిందో దుమ్ములో తెలియలేదు. కొలిచేవాడు వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవడు.

గీత దాటిందని తెల్ల జెండా లేచింది.

బయటికి వస్తూనే, "ఏం గంతులొదినా అవి!" అంది స్వప్న.

"చేతులు లాగొద్దని. ట్యాంకర్ వచ్చిన రోజులే నీకు దూరం పడింది. నేనే చూసుకోలేదు."

"అది నాకెప్పుడో తెల్సు."

"మరి ఇందాక ఎందుకు లాగావు?"

"లోపల ఒక్కటీ లాగలేదొదినా. కమ్మీల కాడ నువ్వు కనబడితివి. అందుకే లాగినా."

అత్తగారికి నవ్వు ఆగలేదు. మొదటి రెండు విసుర్లూ తప్పింది నన్ను చూసి లాగడం వల్లేనేమో అని నేను ఆటోలో కూడా సరిగా కూర్చోలేకపోయాను.