విప్పి చూడని బేలు

నలభై ఆరేళ్ళు మేక ఉన్ని వ్యాపారం చేశాను. ఏ బేలునూ విప్పి చూడకుండా కొనలేదు. పైన మెరిసే పోగులు పరిచి, లోపల తడి బొచ్చు, మట్టి ముద్దలు కూరి అమ్మేవాళ్ళు మా చుట్టుపక్కల కొండ ఊళ్ళల్లో తాతల కాలం నుంచీ ఉన్నారు. అందుకని మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు పోగు లాగి, వాసన చూసి, అప్పుడు ధర మాట్లాడతాను. మా నాన్న నాకు చెప్పిన చదువు అదొక్కటే. అలాంటివాణ్ణి ఒక్కసారి మాత్రం లోపల ఏముందో చూడకుండా బేరం ఒప్పేసుకున్నాను. అది రసీం దగ్గర.

రసీంను ఊళ్ళో అందరూ కొరియా రసీం అనేవారు. పందొమ్మిది వందల యాభైలో మా ఊరి నుంచి కొరియా యుద్ధానికి ఓడెక్కినవాళ్ళు ముగ్గురు. తిరిగి వచ్చి గాజీ అనిపించుకున్నది అతనొక్కడే. ఎడమ కాలి వేళ్ళు రెండు అక్కడి మంచులో పోయాయి. యుద్ధం కబుర్లు చెప్పమంటే తుపాకుల ఊసెత్తేవాడు కాదు. గడ్డకట్టిన ఉల్లిపాయల్ని వంటవాడు గొడ్డలితో ఎలా నరికేవాడో చెప్పి నవ్వించేవాడు. రేకు పని చేసేవాడు. చలి మొదలయ్యే ముందు ఏ ఇంట్లో చలిపొయ్యికి పొగగొట్టం బిగించాలన్నా అతనే రావాలి. ముందు మగదిక్కు లేని ఇళ్ళు చూసుకుని, తర్వాతే మా బోటివాళ్ళ ఇళ్ళకు వచ్చేవాడు. నలుగురు కూతుళ్ళు, ఆ తర్వాత ఒక కొడుకు, తుంజాయ్. ఆడపిల్లలు కూర్చుంటే తప్ప రొట్టె విరిచేవాడు కాదు. నడవలేని తల్లిని వారం వారం వీపున మోసుకుని ఊరి స్నానాల ఇల్లు, హమామ్ గుమ్మం దాకా తీసుకెళ్ళేవాడు. ఆవిడ దారి పొడుగునా తిట్టేది.

"మెల్లగా నడవరా గాడిదా, నడుము విరుగుతోంది."

"ఈ గాడిదకు రెండు వేళ్ళు తక్కువమ్మా, సర్దుకో."

మా ఇద్దరికీ ఆరో ఏటి నుంచి స్నేహం. నా కొడుకు ఫెరిత్‌కు వాగులో ఈత నేర్పింది నేను కాదు, అతను.

చావు దగ్గరపడ్డవాడు తనవాళ్ళను పిలిచి ఒక మాట అడగడం మా దగ్గర ఆచారం. నా మీద నీకున్న హక్కు వదిలెయ్యి, అంటాడు. దేవుడి పట్ల చేసిన తప్పును దేవుడు చూసుకుంటాడు. మనిషి పట్ల చేసినదాన్ని ఆ మనిషే వదలాలి. "హలాల్ చేశాను" అంటే వదిలేసినట్టు. ఖననానికి ముందు ఇమాం కూడా ఊరందరినీ ఇదే అడుగుతాడు. కాదన్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

పోయిన శనివారం రసీం నన్ను పిలిపించాడు. ఊపిరి అందడం లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"షుక్రూ, నీ హక్కు వదిలెయ్యిరా."

"నీ మీద నాకేం హక్కుందిరా? దుకాణంలో గొట్టం ఇంకా పొగ కక్కుతోంది, అదొక్కటే."

అతను నవ్వలేదు. "ఉంది. వదిలెయ్యి."

"సరే, వదిలేశాను. తెలిసిందీ, తెలియందీ. హలాల్."

"ఇంకోసారి అను."

మూడుసార్లు అనిపించుకున్నాడు. బేరంలో ఒకే మాట మూడుసార్లు అడిగేవాడి మూటలో ఏదో ఉంటుందని నాకు తెలుసు. ఆ రోజు తట్టలేదు.

మంగళవారం తెల్లవారాక పోయాడు. నేను వెళ్ళేసరికి పెరట్లో మగవాళ్ళు శవస్నానానికి నీళ్ళు కాస్తున్నారు. రసీం భార్య ముజెయ్యెన్ వంటింట్లో చావింట పంచే హల్వాకు పిండి వేయిస్తోంది. పిండి మాడకుండా తిప్పుతూనే నన్ను లోపలికి పిలిచింది.

"తలుపు దగ్గరికి వెయ్యి అన్నయ్యా. నీ దగ్గర హక్కు వదిలించుకున్నాడు కదా, దేనికో చెప్పాడా?"

"చెప్పలేదు."

"చెప్పి అడగమన్నాను. చెప్పకుండా తీసుకుంటే దొంగ సొత్తవుతుందన్నాను. 'చెబితే ఇవ్వడు' అన్నాడు. దాన్ని వెంటపెట్టుకుని పోనివ్వడం నాకిష్టం లేదు. అందుకని చెబుతున్నా."

ఆమె చెప్పింది ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి సంగతి. సైన్యం గద్దెనెక్కిన ఏడాది. నా గోదాములో తొంభై బేళ్ళున్నాయి. ఊళ్ళ మీద పోలీసు పని చేసే సైనికులు, జెండార్మ్‌లు వచ్చి, అటూ ఇటూ వెతక్కుండా, మూడో వరసలో అడుగునున్న బేలును కోశారు. అందులో కరపత్రాలు అచ్చేసే చేతి యంత్రం ఉంది. దాచింది ఫెరిత్. అప్పుడు వాడు బడి పంతులు, వయసు ఇరవై మూడు. పద్నాలుగు నెలలు జైల్లో ఉంచుకుని పంపారు. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి, ఉద్యోగం పోయింది. పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఇప్పటికీ నా దుకాణంలో కూర్చుని ఉన్ని ఏరుతున్నాడు.

తొంభైలో ఒక్క బేలు. ఎవరో చెప్పకపోతే తెలియదు. బేళ్ళు కట్టి పేర్చేది దుర్సున్. పందొమ్మిదేళ్ళు నా దగ్గర పనిచేశాడు. నేను ఇంకొకరి గురించి ఆలోచించలేదు. కాఫీ దుకాణం నిండా జనం ఉండగా, దుర్సున్ నా కొడుకును అమ్ముకున్నాడని, వాడికి పని ఇచ్చినవాళ్ళు నా గుమ్మం తొక్కొద్దని చెప్పాను. పక్క కుర్చీలో రసీం ఉన్నాడు. ఎవరూ పని ఇవ్వలేదు. దుర్సున్ కూతురికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. రెండేళ్ళకు రసీమే ఎవరెవరినో బతిమాలి అతనికి బడిలో గంట కొట్టే పని ఇప్పించాడు. ద్రోహికి కూడా అన్నం పెట్టించాడని ఊరు మెచ్చుకుంది. ఎక్కువగా మెచ్చుకున్నవాణ్ణి నేను.

"గొట్టం బిగించడానికి మీ గోదాముకు వచ్చినప్పుడు బేళ్ళు జరిపాడట, అడుగుదాని కుట్టు సందులోంచి యంత్రం కనిపించిందట," అంది ముజెయ్యెన్. "నాలుగు రోజులకు లెఫ్టినెంట్ పిలిపించాడు. 'గాజీ బాబాయ్, నా దగ్గర రెండు పేర్లున్నాయి. ఒకటి నీ కొడుకుది, ఒకటి షుక్రు కొడుకుది. యంత్రం ఎక్కడుందో చెబితే ఒక పేరు కొట్టేస్తా' అన్నాడట."

"ఏ పేరు కొట్టెయ్యాలో కూడా రసీమే చెప్పాడా?"

"ఆయనే చెప్పాడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"ఫెరిత్ ఇంటికొచ్చిన రోజు గిన్నెడు సూప్ తెచ్చావు. వాడు చెంచా పట్టుకోలేకపోతే నువ్వే తాగించావు."

"తాగించాను." పిండి తిప్పడం ఆపలేదు. "ఇప్పుడు తెలిసి ఇవ్వు అన్నయ్యా. ఇవ్వలేకపోతే ఇవ్వకు, ఆ మాట నాకు చెప్పు చాలు. ఊళ్ళో మాత్రం అనకు. ఆయనకు మిగిలింది ఆ పేరొక్కటే. నలుగురు అల్లుళ్ళు, పదకొండు మంది మనవలు."

నేను బయటికి వచ్చాను. పెరట్లో ఎవరో టీ అందించారు, తాగాను. వేడిగా ఉందో లేదో తెలియలేదు.

దుకాణానికి నడుస్తూ తూకం వేసుకున్నాను. రెండు పేర్లలో ఒకటి ఎంచుకోమంటే తండ్రి ఎవరిని ఎంచుకుంటాడు? లెఫ్టినెంట్ ముందు నేనుంటే తుంజాయ్‌ను పట్టివ్వనని ఒట్టు వెయ్యలేను. కాబట్టి అంతవరకు పక్కన పెట్టగలను. మిగిలింది పక్కకు పోవడం లేదు. నేను ఒక అమాయకుణ్ణి పట్టుకుని ఊరి ముందు ద్రోహి అంటుంటే పక్క కుర్చీలో టీ కలుపుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఏ పూటైనా నన్ను పక్కకు పిలిచి చెప్పవచ్చు. ఏటా నా ఇంటి గొట్టం దించి మసి దులిపాడు, నా బల్ల దగ్గర తిన్నాడు. చివరికి, చెబితే ఇవ్వనని తెలిసే, చెప్పకుండా తీసుకున్నాడు. నన్ను బాగా ఎరిగినవాడు గనక ఆ పని అంత బాగా చెయ్యగలిగాడు.

ఫెరిత్‌కు చెప్పాను. వాడు ఎడమచేత్తో ఉన్నిలో ముళ్ళు తీస్తూ విన్నాడు.

"నువ్వు ఇస్తావో మానేస్తావో నీ ఇష్టం నాన్నా," అన్నాడు. "నా హక్కు మాత్రం నువ్వు ఇవ్వడానికి నీది కాదు. శనివారం దాన్నీ కలిపి ఇచ్చేసి వచ్చావు."

"ఖననానికి నువ్వు వస్తావా?"

"రాను. ఈ మూట ఏరాలి."

సాయంత్రపు నమాజయ్యాక మసీదు ముంగిట రాతిబల్ల మీద శవపేటిక పెట్టారు. గాజీ కాబట్టి జెండా కప్పారు. అటూ ఇటూ జెండార్మ్ కుర్రాళ్ళు నిలబడ్డారు. ఆప్తుడినని నన్ను ముందు వరసలోకి తోశారు. నా పక్కన తుంజాయ్. ఇప్పుడు మందుల దుకాణం నడుపుతున్నాడు, నలభై దాటాడు. నా ముఖం చూసి కళ్ళు దించుకున్నాడు. వాడికీ తెలుసన్నమాట.

"పోయినవాణ్ణి ఎలాంటివాడిగా ఎరుగుదురు?" ఇమాం అడిగాడు.

"మంచివాడిగా ఎరుగుదుం," అంది జనం. నేనూ అన్నాను. మంచివాడిగానే ఎరుగుదును, అందులో అబద్ధం లేదు.

"మీ హక్కులు హలాల్ చేస్తున్నారా?"

"హలాల్."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నోరు విప్పలేదు. మూడు వందల గొంతుల్లో ఒక గొంతు తగ్గితే ఎవరికి వినిపిస్తుంది? మూడోసారి మాత్రం అందరూ ఆగాక ఒక గొంతు విడిగా వినిపించింది. "హలాల్, వందసార్లు హలాల్." వెనక్కి తిరిగి చూశాను. చివరి వరసలో, పక్కన మనిషి లేకుండా నిలబడి ఉన్నాడు దుర్సున్.

శ్మశానంలో వరుసగా ఒకరి తర్వాత ఒకరు పార తీసుకుని మట్టి వేశారు. నా వంతు వస్తే వెనక్కి జరిగాను. ఎవరో నడుము నొప్పా అని అడిగారు. దుర్సున్ గేటు దాటుతుంటే వెనకే వెళ్ళి పేరు పెట్టి పిలిచాను. ఇరవై ఒక్క ఏళ్ళలో అది మొదటిసారి. ఆగాడు గాని దగ్గరికి రాలేదు.

"ఇచ్చింది వెనక్కి తీసుకో దుర్సున్. ఎందుకిచ్చావో నీకు తెలియదు."

"ఎందుకు తెలియదు షుక్రూ అయ్యా? నువ్వు నా పొయ్యి ఆర్పావు, ఆయన వెలిగించాడు. అందుకిచ్చాను."

నిలబెట్టి మొత్తం చెప్పాను. గొట్టం, బేలు, లెఫ్టినెంట్, రెండు పేర్లు. దుర్సున్ టోపీ తీసి, లోపలి చెమట గుడ్డను వేలితో సవరించి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే బడిలో పని ఇప్పించినప్పుడు కూడా ఆయనకు తెలుసు."

"తెలుసు."

"పండక్కి మా ఇంటికి మాంసం పంపించేవాడు. నా భార్య ఆయన పేరు చెప్పి దువా చేసేది." కాసేపు సమాధుల వైపు చూశాడు. "కానీ నన్ను ద్రోహి అని ఆయన ఎన్నడూ అనలేదయ్యా. అన్నది నువ్వు."

"నేనే. నీ పందొమ్మిదేళ్ళ పని, కాఫీ దుకాణంలో నేనన్న మాట, నీ కూతురి సంబంధం. ఏదీ దాచకుండా విప్పి చెప్పి అడుగుతున్నా. నీ హక్కు వదులుతావా?"

"ఇక్కడ, ఈ గేటు దగ్గరా?" అన్నాడు. "ఊరంతా కూర్చున్న చోట అన్నావు. ఎవరూ లేని చోట అడుగుతున్నావు. మంచి వ్యాపారివే." వెళ్ళిపోయాడు.

దుర్సున్ కాదని ఊళ్ళో చెబితే, మరి ఎవరని అడుగుతారు. అడగకుండా వదిలే ఊరు కాదు మాది. చెప్పకపోతే ముజెయ్యెన్ మాట నిలబడుతుంది, రసీం పేరు నిలబడుతుంది, దుర్సున్ చచ్చేదాకా చివరి వరసలోనే నిలబడతాడు. రసీం ఇన్నేళ్ళూ నోరు మూసుకుని కాపాడుకున్నది దాన్నే. ఇక నుంచి ఆ పని నేను చెయ్యాలి. నన్ను మోసగించినవాడు తన మోసానికి నన్నే కాపలా పెట్టి పోయాడు.

కాఫీ దుకాణానికి వెళ్ళాను. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. రసీం ఇంటి నుంచి వచ్చిన హల్వా పళ్ళెం చేతులు మారుతోంది. ఎవరో ఉల్లిపాయల కథ చెబుతుంటే నవ్వుతున్నారు. తుంజాయ్ లేచి నాకు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఇక్కడే దుర్సున్ గురించి ఒక మాట అన్నాను," అన్నాను. "నా కొడుకును అతను పట్టించలేదు. నేనన్నది తప్పు. రేపటి నుంచి అతనికి నా గోదాములో చోటుంది, వస్తే."

"ఇన్నేళ్ళకు ఇదేం మాట షుక్రు మావా?" అన్నాడు క్షురకుడు. "అతను కాకపోతే ఎవరు?"

తుంజాయ్ నా వైపు చూశాడు. బతిమాలుతాడేమో అనుకున్నాను. చేతికొచ్చిన పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డాడు.

"రసీం," అన్నాను.