బరువెక్కిన పిడి

నేను ఒక రాగితీగ చుట్టను. బొగ్గుబావి అడుగున, ఒక ఇనుపపెట్టె టెలిఫోన్‌లో, లాడం ఆకారపు అయస్కాంతం రెండు కొమ్ముల నడుమ నన్ను బిగించారు. అయస్కాంత రేఖలు నన్నడగకుండానే నాలోంచి దూరిపోతుంటాయి. దాన్నే చదువుకున్నవాళ్లు అభివాహం అంటారు. అది ఎంతున్నా సరే, మారకపోతే నాలో కరెంటు పుట్టదు. ఎవరైనా పిడి తిప్పితే నేను తిరుగుతాను, అభివాహం పెరిగి తరుగుతుంది, కరెంటు పుట్టి తీగ వెంట పైకి పోయి గంట కొడుతుంది. ఎంత వేగంగా తిప్పితే అంత గట్టిగా. నా అంతట నేను కదలలేను. కదిపే చెయ్యి రావాలి.

ఆ చెయ్యి, బావిలో కూలీల పని చూసే సర్దారు ఓదెలుది. పాత పిడి విరిగినప్పుడు మేనేజరు అందరికీ చీవాట్లు పెట్టాడు. అప్పటినుంచి నన్ను ఉయ్యాల ఊపినట్టు తిప్పడం ఆ బావిలో ఆచారమైంది. మనుషులకు ఒకసారి తిట్లు పడితే చాలు, అదే శాస్త్రమైపోతుంది.

ఒక పగటి షిఫ్టులో కప్పు కూలి దారి మూసుకుపోయింది. లోపల మిగిలింది ఓదెలు, బండ కింద కాలు ఇరుక్కున్న పోశం, నేను. గాలి తగ్గిపోతోంది. ఓదెలు అలవాటు కొద్దీ మెల్లగా తిప్పాడు. పైన గంట సన్నగా మోగిందట గానీ, జనం అరుపుల్లో ఎవరికి వినపడుతుంది?

కాస్త జోరు పెంచగానే పిడి బరువెక్కింది. అడ్డుపడింది నేనే. నాలో కరెంటు పారితే, దాన్ని పుట్టించిన మార్పునే ఎదిరించడం మా జాతి గుణం. తీగ తెగితే కరెంటూ పారదు, బరువూ ఉండదు. అంటే పైదాకా తీగ బాగానే ఉందన్నమాట! అది చెప్పడానికి నాకు నోరేది? ఓదెలు భయపడి చెయ్యి తీసేశాడు. ఆ క్షణంలో వచ్చినంత ఏడుపు నాకెప్పుడూ రాలేదు.

"బిర్రుగ అయితాంది పోశం. ఇరుగుతదేమో."

"ఇరిగితే ఇరగనియ్ కాకా! మనం బతకొద్దా?"

ఓదెలు పళ్లు బిగబట్టి తిప్పాడు. నేను ఎదిరించిన కొద్దీ తిప్పాడు. కాసేపటికి టెలిఫోన్‌లోంచి గొంతు వినబడింది.

"ఎవ్వలు? ఓదెలన్ననా?"

ఓదెలు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇద్దరినీ బయటికి తీశారు. పోశం కుంటికాలుతోనైనా బతికాడు. కొన్నేళ్లకు బావి మూతపడింది. వాళ్లు బయటపడ్డారు గానీ నేను మాత్రం అవే కొమ్ముల నడుమ ఉన్నాను, ఇప్పుడు మ్యూజియంలో, అద్దాల బీరువాలో. తీగలు కోసేసి, ముట్టుకోవద్దని చీటీ అంటించారు.

మొన్న ముసలి ఓదెలు వచ్చాడు. కాపలాదారు జాలిపడి బీరువా తలుపు తీశాడు. ఓదెలు పిడి పట్టుకుని, ఈసారి మొదటినుంచే జోరుగా తిప్పాడు. అది గిర్రున తిరిగింది.

"చూసినవా తాతా, ఎంత అల్కగ తిరుగుతాందో! నేనే నూనె పోసిన," అన్నాడు కాపలాదారు.

ఓదెలు చెయ్యి ఆగింది.

"అల్కగనే తిరుగుతది బిడ్డా," అన్నాడు. "అవుతల ఎవ్వలు లేరు."