మొలతాడు మీది తాళంచెవి

నేను ఒక ఇనుప తాళంచెవిని. చీరాలలో ఒక పొగాకు గోడౌను తాళంతో పాటు కొలిమిలో పుట్టాను. ఇరవై ఏళ్ళు ఆ తలుపు తెరవడమే నా పని. తరవాత గోడౌనుకు షట్టరు పెట్టించి, తాళాన్ని పాత ఇనుములో వేశారు. నన్ను మాత్రం వాచ్‌మన్ వీరరాఘవులు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. తాళాన్ని పారేసి తాళంచెవిని ఎందుకు దాచుకుంటారో ఈ మనుషులు, నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఇంట్లోనే నాకు రెండో ఉద్యోగం దొరికింది. వీరరాఘవులు కొడుకు భావన్నారాయణకు పద్నాలుగో ఏట మూర్ఛ వచ్చింది. అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. "ఇనుము! చేతిలో ఇనుము పెట్టండే!" అని తల్లి సౌభాగ్యమ్మ కేక పెట్టింది. చేతికి అందింది నేను. వాడి పిడికిట్లో నన్ను కుక్కారు. రెండు నిమిషాలకు మూర్ఛ తనంతట తానే తగ్గింది, పేరేమో నాకొచ్చింది. నేనూ కాదనలేదు, పొగడ్త ఎవరికి చేదు? ఆ రోజే సౌభాగ్యమ్మ నన్ను కొడుకు మొలతాడుకు కట్టేసింది.

భావన్నారాయణ పెరిగి టైలరై, ఇంటి ముందుగదిలోనే షాపు పెట్టాడు. రోజూ మాత్రలు వేసుకునేవాడు, ఫిట్లు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. పెళ్ళిచూపులకు వెళ్ళేటప్పుడు ఆ సంగతి బయటపెట్టొద్దని చుట్టాలందరూ నూరిపోశారు. అతను వరండాలో పెళ్ళికూతురు నాంచారమ్మతో విడిగా, "నాకు ఫిట్లు వస్తాయండీ. ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి, నేనేమీ అనుకోను" అన్నాడు. ఆ పిల్ల, "వచ్చినప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి" అంది. ఆ జంటంటే నాకు అప్పుడే గౌరవం కలిగింది.

అతనికే తెలియని సంగతి మరొకటుందని పెళ్ళయ్యాక తేలింది. మొలతాడు మీద ఉన్నదాన్ని, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అతనికి కోరికే కలిగేది కాదు. ఎప్పుడైనా కలిగినా ఒళ్ళు మాట వినేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. లోపం తనలోనే ఉందేమోనని నాంచారమ్మ లోలోపల కుమిలిపోయేది. వాళ్ళిద్దరి మధ్యా చల్లగా నేను.

డాక్టరు దగ్గరికి వెళ్ళకపోలేదు. వెళ్ళి, "నీరసంగా ఉంటుందండీ" అన్నాడు. మన మగవాళ్ళ దగ్గర ఆ సంగతికి ఉన్న మాట అదొక్కటే. డాక్టరు బలానికి టానిక్కు రాశాడు. మూడు నెలలకు మళ్ళీ నీరసమన్నాడు, మళ్ళీ టానిక్కు, ఈసారి రంగు వేరు. ఏడాదిన్నర పాటు నానా రంగులూ తాగాడు పాపం. ఆకలి మాత్రం బ్రహ్మాండంగా వేసేది.

చివరికి షాపులో కాజాలు కుట్టే పేరయ్య చెవిలో ఊదాడు. "ఆ ఫిట్ల బిళ్ళలున్నయ్యే, అయ్యే మగతనాన్ని తినేసేది. మానేసి చూడరా." భార్య తనను వదిలిపోతుందేమోనన్న భయం అప్పటికే అతనికి ప్రాణభయాన్ని మించిపోయింది. మాత్రల్ని నోట్లో వేసుకున్నట్టు నటించి గుండీల డబ్బాలో పడేయడం మొదలుపెట్టాడు. వద్దురా అని చెప్పడానికి నాకు నోరు లేదు.

పదకొండో రోజు పొద్దున్న మిషను మీదనుంచి పడిపోయాడు. ఒక ఫిట్టు తగ్గి తెలివి రాకుండానే ఇంకొకటి, ఆ వెంటనే మరొకటి. "తాళంచెవి చేతిలో పెట్టవే నాంచారీ!" అని సౌభాగ్యమ్మ గుండెలు బాదుకుంది. నాంచారమ్మ నా జోలికే రాలేదు. కత్తెర దూరంగా నెట్టింది, అతన్ని పక్కకు తిప్పింది, తల కింద జాకెట్టు గుడ్డలు మడిచి పెట్టింది. "ఇనుముతో ఏమీ కాదత్తయ్యా, ఆటో పిలవండి" అంది. ఆ హడావిడిలో గుండీల డబ్బా ఒలికింది. తెల్ల గుండీల మధ్య తెల్ల మాత్రలు చూసింది. గుప్పిట్లోకి ఏరుకుని ఆటో ఎక్కింది.

గుంటూరు ఆస్పత్రిలో రెండు రోజులకు గాని అతనికి తెలివి రాలేదు. నరాల డాక్టరమ్మ వచ్చి, "మాత్రలెందుకు మానేశావయ్యా?" అని అడిగింది. మంచాలన్నీ నిండి ఉన్నాయి, చెవులన్నీ ఇటే ఉన్నాయి. "నీరసంగా ఉంటందని..." అని గొణిగాడు.

"నీరసం కాదండీ" అంది నాంచారమ్మ. "రెండేళ్ళనుంచీ మేం మొగుడూపెళ్ళాల్లాగా ఉండలేకపోతన్నాం. సిగ్గుపడి ఈయన చెప్పలా, సిగ్గుపడి నేనడగలా. ఆ సిగ్గుకే మొన్న ఈయన పోయేవాడు."

సౌభాగ్యమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఈ జబ్బున్న మగవాళ్ళలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుందమ్మా. కొంత జబ్బువల్ల, కొంత కొన్ని మందులవల్ల, మిగతాది బెంగవల్ల. రక్తపరీక్ష చేద్దాం, మందు మెల్లగా మారుద్దాం. కానీ బాబూ, నీ అంతట నువ్వు ఆపావంటే ప్రాణానికే ముప్పు."

భావన్నారాయణ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అంటే నేనొక్కణ్ణే కాదాండీ?" అన్నాడు.

పక్క మంచం మీద బుర్రమీసాల పెద్దమనిషి ఇటు తిరిగాడు. "కాదు తమ్ముడూ" అన్నాడు మెల్లగా.

నా బతుకులో నేను చూసిన ధైర్యమంతా ఆ ఐదు నిమిషాల్లోనే చూశాను. ఆ సాయంత్రం భావన్నారాయణ తనే ముడి విప్పి నన్ను తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ ఇంటికి తెచ్చి అటక మీది మూతలేని బిస్కట్ల డబ్బాలో పడేసింది.

మందు కుదరడానికి ఏడు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి ఫిట్టు వస్తే సౌభాగ్యమ్మే కొడుకును పక్కకు తిప్పి గడియారంలో నిమిషాలు లెక్కపెడుతూ కూర్చుంది. మిగతాది ఒక్కసారిగా బాగుపడిపోలేదు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు, ఒక్కోసారి పోట్లాడుకునేవాళ్ళు, మళ్ళీ గుంటూరు వెళ్ళొచ్చేవాళ్ళు.

షాపుకు సెలవైన ఒక మంగళవారం మధ్యాహ్నం గదిలోంచి నాంచారమ్మ నవ్వు వినిపించింది, వెనకే అతని నవ్వు. సౌభాగ్యమ్మ ఎవరూ అడక్కుండానే, "నేను పక్కింటికి పోతన్నా, పొద్దుగూకిందాకా రాను!" అని వీధికంతా వినబడేలా అరిచి చెప్పులేసుకుంది.

లోపల గడియ పడింది. ఒక తలుపు మూసుకుంటే నాకు సంతోషం కలగడం అదే మొదటిసారి.